పరీక్షకు ఒకటి, దవాఖానకు ఒకటి

ఈ రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు తప్పుల్లేకుండా అచ్చవుతున్నాయంటే అది నా చలవే. ఇలా మొదలుపెడితే చదివేవాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారని నా మిత్రుడు బాల్‌కిషన్ సలహా. నిజానికి తప్పుల్లేకుండా ఏమీ అచ్చవడం లేదు. నా చలవ వల్ల ఒకే ఒక పుస్తకంలో ఒకే ఒక పట్టిక మారింది. అయినా ఆ పట్టిక గురించి నాకు బోలెడు గర్వముంది. దాన్ని దాచుకునే వయసు కూడా దాటిపోయింది.

నా పేరు కామేశ్వరరావు. రెండు ప్రాంతాలు కలిసి ఒకే రాష్ట్రం అయినప్పుడు గుంటూరు నుంచి గుమాస్తాగా వచ్చిన మా నాన్నగారు నాంపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. నేను అక్కడే పుట్టి, అక్కడే చదివి, నాంపల్లి స్టేషన్ వెనకున్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి, అక్కడే రిటైరయ్యాను. కొత్తగా లెక్చరర్లుగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇంక్రిమెంట్లు ఎప్పుడొస్తాయో మీకు ఎవరో ఒకరు చెబుతారు. తప్పున్న పుస్తకాన్ని చేతికిచ్చి పాఠం చెప్పమన్నప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఒకటే దిమాఖు

నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో నాకు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లల్ని అప్పగించారు. డాక్టర్లు కావాలనుకునేవాళ్లు పక్క సెక్షన్‌లో కోచింగ్ పుస్తకాలతో కుస్తీ పడుతుంటే, నా పిల్లలు రెండేళ్లు చదివి నేరుగా దవాఖానల్లో రక్తపరీక్షల గదిలో కూర్చునేవాళ్లు. కాలేజీలో వాళ్లను తక్కువగా చూసేవారు. మొదట్లో నేనూ అలాగే చూశాను. రోగి రక్తం చుక్కను ముందుగా చూసేది వీళ్లేనని తట్టిన తర్వాత ఆ చూపు పోయింది.

కొత్తగా అచ్చయిన వాళ్ల పుస్తకంలో రక్తం గ్రూపుల పట్టిక ఉంది. ఎవరి రక్తం ఎవరికి పనికొస్తుందో చెప్పే పట్టిక. ఓ గ్రూపువాళ్లు ఎవరికైనా ఇవ్వగలరు కాబట్టి ఓ గ్రూపును విశ్వదాత అంటాం. ఏబీవాళ్లు ఎవరి దగ్గరైనా తీసుకోగలరు, అది విశ్వగ్రహీత. పాఠం ఇంతే. మా పుస్తకంలో ఆ పట్టిక పైన ఉండాల్సిన ‘దాత’, ‘గ్రహీత’ అనే రెండు శీర్షికలు ఒకదాని చోట ఒకటి అచ్చయ్యాయి. దాంతో ఓ గ్రూపు మనిషికి ఎవరి రక్తమైనా ఎక్కించవచ్చని తేలింది. ఎక్కిస్తే మనిషి దక్కకపోవచ్చు.

తప్పు సంగతి లెక్చరర్లందరికీ తెలుసు. మనవాళ్లకు దానికో పద్ధతి ఉంది, మీరూ నేర్చుకునే ఉంటారు. పరీక్షలో మార్కులు వేయడానికి ఇచ్చే జవాబుల కీ, పుస్తకాన్ని చూసే తయారవుతుంది. కాబట్టి క్లాసులో రెండు జవాబులు చెబుతాం. “పరీక్షకు ఇది రాయండి, నిజం మాత్రం అది” అంటాం. పిల్లలు పుస్తకం అంచున ఒక జవాబు పక్కన ‘ప’ అని, మరో జవాబు పక్కన ‘ద’ అని రాసుకుంటారు. ప అంటే పరీక్ష, ద అంటే దవాఖాన. ఈ ఉపాయం కనిపెట్టింది నేనేనని స్టాఫ్‌రూములో చెప్పుకునేవాణ్ణి. నేను కాదు, నాకంటే ముందే అందరూ చేస్తున్నారు.

ఒకరోజు స్వరూప అనే అమ్మాయి లేచి నిలబడింది. వాళ్లమ్మ ఒక దవాఖానలో ఆయా. స్వరూప చేత్తో చేసే పనిలో చురుకు, రాతలో వెనకబాటు. ఏ పేపరైనా అంచుమీద నడిచినట్టు పాసయ్యేది. ఈ పేపరు గట్టెక్కితేనే చాదర్‌ఘాట్‌లో ఒక దవాఖానవాళ్లు ట్రైనింగుకు తీసుకుంటామన్నారు.

“సార్, నాకు ఒకటే దిమాఖున్నది. దాంట్ల రెండు జవాబులు ఎట్ల వెట్టుకోవాలె? రేపు దవాఖానల గడబిడ అయితే ఏది ముందుగాల నోట్లెకొస్తదో నాకు తెల్వది.”

క్లాసు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా మేమంతా తెలివైన సర్దుబాటు అనుకున్నదాన్ని ఆ పిల్ల ఒక్క మాటతో ఊడదీసింది.

“నువ్వు నిజమే రాయి. మార్కులు వేయించే పూచీ నాది” అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. సరే, కొట్టలేదు. బెల్లు కొట్టారు, అందరూ బయటికి పరిగెత్తారు. స్వరూప మాత్రం నిలబడి, “పక్కానా సార్?” అని అడిగింది. పక్కా అన్నాను. ఎలా చేయాలో నాకు ఏమీ తెలియదు.

ఒంటె

వెంటనే రాష్ట్రవ్యాప్త ఉద్యమం మొదలుపెట్టాం. పాఠ్యపుస్తకాల సంస్కరణ సమితి. అధ్యక్షుణ్ణి నేను. కార్యదర్శి, కోశాధికారి, సభ్యులు, శ్రోతలు అందరూ బాల్‌కిషనే.

బాల్‌కిషన్ మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. తరతరాలుగా బేగం బజార్‌లో మసాలా దినుసుల వ్యాపారం చేసిన కుటుంబం వాళ్లది. అన్నదమ్ముల్లో ఉద్యోగంలోకి వచ్చింది ఇతనొక్కడే. లేబొరేటరీలో ఎన్ని ఆమ్లాలు కలిపినా ఇతని చొక్కా నుంచి జీలకర్ర వాసనే వచ్చేది. నేను కోపంతో పని చేసేవాణ్ణి, ఇతను చాయ్‌తో పని చేసేవాడు. ఏ పని ముందు చేయాలో ఇరానీ హోటల్లో కూర్చున్నాక గానీ తేల్చేవాడు కాదు.

పుస్తకాలు అచ్చువేయించే ఆఫీసుకు అర్జీ పెట్టాలనుకున్నాం. ఒక్క పట్టిక గురించే రాస్తే తేలిగ్గా తీసుకుంటారని, అర్జీకి బరువు రావాలని నేను పుస్తకమంతా వెతికి ఇంకొన్ని తప్పులు చేర్చాను. అందులో నాకు బాగా నచ్చింది ఒంటె. క్షీరదాల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదని పుస్తకంలో ఉంది. ఒంటెను మినహాయించలేదు, ఇది ఘోరమైన తప్పు, రాసినవాళ్లకు రక్తం గురించి తెలియదు అని రాశాను. ఆ మాటే ఒక విలేకరికి కూడా చెప్పాను. అది పేపర్లో లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. అబిడ్స్ చౌరస్తాలో అందరూ నన్నే చూస్తున్నారనుకున్నాను. ఎవరూ చూడలేదు.

కొన్ని వారాలకు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఒంటె రక్తకణాలు కోలగా ఉంటాయే తప్ప వాటిలో కేంద్రకం ఉండదనీ, పుస్తకంలో ఉన్నది సరైనదేననీ, ఫిర్యాదు చేసేవారు ముందుగా విషయం పరిశీలించుకోవాలనీ రాశారు. పట్టిక ఊసే లేదు. ఒక ఒంటెను చూపించి మొత్తం అర్జీని తిప్పికొట్టారు.

నా గురువులు నాకు అలాగే చెప్పారు, నేను ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. జువాలజీవాళ్లలో చాలామంది ఇప్పటికీ అలాగే చెబుతారు, అడిగి చూడండి. బాల్‌కిషన్ జవాబు చదివి మడిచి, చాయ్ తాగి అన్నాడు: “కామేశం సాబ్, ఒంటెను నేను బక్రీద్‌కు చూసిన గని, దాని రక్తం మైక్రోస్కోప్ కింద వెట్టి చూడలే. మీరు చూసిన్రా?”

చూడలేదు. ఆ రోజు నుంచి కాలేజీలో నన్ను ఒంటె సారు అన్నారు. అటెండర్ కూడా అన్నాడు.

కాబట్టి పిల్లలూ, తప్పు పట్టుకోవాలనుకుంటే ఒక అర్జీలో ఒకే తప్పు రాయండి. అది కూడా కళ్లతో చూసి గానీ, చూసినవాళ్లు రాసింది చదివి గానీ రాయండి. పుస్తకంలో తప్పు ఎలా పుడుతుందో మా ఒంటెతోనే అర్థమవుతుంది. ఎవరో చెబుతారు, మనం నమ్ముతాం, అంతే.

సరే సార్

మా ప్రిన్సిపాల్ విఠల్‌రావు గారు నన్ను తన గదికి పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. కాలేజీ నడవాలంటే పాసైనవాళ్ల శాతం పడకూడదు, ఆయన రోజంతా చూసేది ఆ ఒక్క అంకెనే.

“కామేశ్వర్రావ్, పుస్తకం సర్కారోళ్ల పని, రిజల్టు నా పని. పిల్లలకు బుక్కుల ఉన్నదే రాయమని చెప్పు. నీ పంచాయితీ నీ రిటైర్మెంట్ అయినంక పెట్టుకో” అన్నారు.

నేను లేచి నిలబడి, “ప్రాణాలతో చెలగాటం ఆడలేను” అని గర్జించాను. ఇంట్లో మా ఆవిడకు ఇలాగే చెప్పాను. గదిలో అన్నది మాత్రం “సరే సార్.” క్లాసులో పిల్లలకు ఆ మాట చెప్పలేదు, అంతే. విఠల్‌రావు గారికి అది తెలుసు. తెలిసి కూడా, పరీక్షల తర్వాత జవాబు పత్రాలు దిద్దడానికి నా పేరే పంపారు. నాకు దొరికిన పై అధికారుల్లో చాలామంది ఇంతే. గొడవ తమ గదిలోకి రానంతవరకు దానికి అడ్డు రారు. అలాంటివాళ్లతో పోట్లాడి శక్తి ఖర్చు చేసుకోకండి.

కీ

ఆ ఏడాది పేపర్లో ఆ ప్రశ్న వచ్చింది. విశ్వదాత ఏ గ్రూపు, ఎందుకు? హాలు నుంచి బయటికి వచ్చి స్వరూప నాకు ఒక్క మాటే చెప్పింది. “ఓ అని రాసిన సార్. మీరే చూసుకోవాలె ఇగ.” మిగతా పేపరు ఎలా రాశావని అడిగితే తల అడ్డంగా ఊపింది. అంటే ఈ ప్రశ్న మార్కులు పోతే ఆ అమ్మాయి పోతుంది.

పేపర్లు దిద్దే క్యాంపు అబిడ్స్‌లో ఒక స్కూల్లో పెట్టారు. బెంచీలు జరిపి మమ్మల్ని కూర్చోబెట్టి కీ పంచారు. అందులో విశ్వదాత ఏబీ అని ఉంది. ఓ అని రాస్తే సున్నా. పత్రాల మీద పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. నా చేతిలో ఉన్నది ఎవరిదో తెలియదు. స్వరూపది ఏ బల్ల మీదికి వెళ్లినా దానికి పడేది ఆ సున్నానే.

మా బల్లకు చీఫ్‌గా ఉన్న మేడమ్ నెమ్మదస్తురాలు. “సార్, మీరు చెప్పేది కరెక్టని నాకూ తెలుసు. కీ మార్చే అధికారం నాకు లేదు. అయినా రోగి రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష చేయకుండా దవాఖానలో ఎవరూ రక్తం ఎక్కించరు కదా. ఒక్క పట్టికతో ఎవరి ప్రాణమూ పోదు” అన్నారు.

“ఆ క్రాస్‌మ్యాచ్ చేసేది ఈ పిల్లలే మేడమ్” అన్నాను.

నేను పెన్ను విసిరికొట్టాను అని ఇప్పటిదాకా అందరికీ చెబుతూ వచ్చాను. చేయి తగిలి కింద పడింది. దాన్ని తీసుకుని, ఆ ఒక్క ప్రశ్నను వదిలేసి మిగతావన్నీ దిద్దాను. రేపటివరకు ఊరుకుంటానని, ఆ తర్వాత కీ ప్రకారం వేయాల్సిందేనని మేడమ్ చెప్పారు. సాయంత్రం బాల్‌కిషన్ దగ్గరికి వెళ్లి కూలబడ్డాను.

“అర్జీలు అయినయి, పేపరోళ్లు అయిన్రు. రాసినాయనను అడిగిన్రా?” అన్నాడు.

అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు. పుస్తకం అంటే ఆఫీసు, ఆఫీసు అంటే శత్రువు అనుకున్నాను తప్ప, దాన్ని ఒక మనిషి కూర్చుని రాసి ఉంటాడని అనుకోలేదు. అట్ట మీద పేరున్న జనార్దన్ గారు బాల్‌కిషన్ వాళ్ల నాన్నకు స్నేహితుడు, చాదర్‌ఘాట్‌లో ఉంటారు. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నిలదీశాను. “మీరు ఆయనకు రక్తం గురించి తెల్వదని పేపర్ల ఏపిచ్చిన్రు. ఏ మొహంతోని తోల్కపోవాలె?” అన్నాడు.

చొక్కా ఇయ్యి

మేం వెళ్లేసరికి జనార్దన్ గారు బనీను, లుంగీతో వరండాలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. బాల్‌కిషన్ను చూసి నవ్వారు. పట్టిక తీసి చూపిస్తే కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.

“ఔ, తప్పే. అచ్చయి వచ్చిన్నాడే చూసిన” అన్నారు.

ఆయన రాసింది సరిగ్గానే రాశారట. పేజీలో పట్టలేదని ప్రెస్సులో పట్టికను తిప్పి కూర్చినప్పుడు శీర్షికలు తారుమారయ్యాయి. ప్రూఫులు కమిటీలో అందరి దగ్గరికీ వెళ్లాయి. ఒకరు చూశారులే అని మరొకరు సంతకం పెట్టారు. ఆయనా పెట్టారు.

మరి చెప్పలేదేమని అడిగాను. గొంతు కొంచెం పెద్దదే అయింది.

“చెప్పుదామనే ఉంటి. అంతల మీరు పేపర్ల రాపిచ్చిన్రు, రాసినోనికి రక్తమంటే ఏందో తెల్వదని. నలబై ఏండ్లు పాఠం చెప్పినోన్ని. గట్లన్నంక నేను లేచి, ఔ నాకు తెల్వది అనాల్నా?”

ఆయన పౌరుషం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే ఒంటె విషయంలో నేనూ ఇంకా ఎవరి ముందూ ఒప్పుకోలేదు. అప్పుడు ఒప్పుకున్నాను. ఒంటె గురించి మీరు రాసిందే నిజం, నేను చెప్పిందే తప్పు అన్నాను. ఆయన మొదటిసారి నా వైపు తిరిగి చూశారు. బాల్‌కిషన్ ఆ సందు వదలలేదు.

“కాకా, ఒక పిల్ల ఓ అని రాసింది. నువ్వు రాసినట్టే. మన కీ వల్ల ఫెయిలైతది.”

జనార్దన్ గారు ఇంట్లోకి తిరిగి భార్యను పిలిచి, “రేపటికి ఇస్త్రీ చొక్కా తీసి పెట్టు” అన్నారు. అంతలోనే మళ్లీ, “రేపు ఎందుకు, కీ మార్చే ఆఫీసరు ఇల్లు నాకెరుకే. ఇప్పుడే ఇయ్యి చొక్కా” అన్నారు.

నా వృత్తిలో నేను నేర్చుకున్న మేలైన పాఠం ఇదే. పుస్తకం మీద యుద్ధానికి వెళ్లేముందు రాసినవాడి ఇంటికి వెళ్లండి. తప్పు అందరికంటే ముందు ఆయనకే తెలిసి ఉంటుంది, బాధా ఆయనకే ఎక్కువుంటుంది. మీరు నలుగురిలో పరువు తీస్తే ఆయన తన తప్పుకే కాపలా కాస్తాడు.

మర్నాడు జనార్దన్ గారు క్యాంపుకు కూడా వచ్చి మా బల్ల ముందు నిలబడ్డారు. “పుస్తకం నాది, తప్పు నాది. మీ కీ నా తప్పు మీద నిలవడ్డది” అన్నారు. చుట్టూ కలాలు ఆగిపోయాయి. మేడమ్ లేచి ఆయనకు కుర్చీ వేశారు, ఆమె ఆయన దగ్గరే చదువుకున్నారట. మధ్యాహ్నానికి నాంపల్లిలోని పరీక్షల బోర్డు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఓ అని రాసినా మార్కులు వేయాలి, ఏబీ అని రాసినా మార్కులు వేయాలి. పుస్తకం వచ్చే ముద్రణలో దిద్దుతారు.

రెండింటికీ

స్వరూప పాసైంది. నేను మిఠాయి డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆఫీసును ఎలా గడగడలాడించానో, జనార్దన్ గారిని ఎలా ఒప్పించానో అంతా చెప్పాను. బాల్‌కిషన్ పక్కనే ఉన్నా అడ్డు రాలేదు, మిఠాయి తింటున్నాడు. వాళ్లమ్మ నాకు దండం పెట్టింది. స్వరూప మాత్రం డబ్బా పట్టుకుని ఆలోచిస్తూ నిలబడింది.

“ఏబీ అని రాసినోళ్లకు గూడ మార్కులొచ్చినయా సార్?”

వచ్చాయన్నాను.

“అంటే వాళ్లు రాసింది గూడ కరెక్టే అనుకుంటరు గదా. వాళ్లు గూడ దవాఖానకే వస్తరు గదా.”

నిజం చెబుతున్నాను, నా ఉద్యోగ జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ లేను, అంతగా చిన్నబోనూ లేదు. మార్కుల పూచీ తీసుకున్నాను, తీర్చాను. ఆ పిల్లకు మార్కులు ఒక్కటే కావాలనుకున్నాను. తను అడిగింది ఒకే జవాబు ఉండాలని.

అబిడ్స్ ఆదివారం

కొత్త ముద్రణలో పట్టిక సరిగా వచ్చింది. అక్కడితో కథ అయిపోయిందని పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చాను. కానీ మన పిల్లల్లో ఎంతమంది కొత్త పుస్తకం కొంటారు? ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. పోయినేడు చదివినవాళ్లు అమ్మేసిన పుస్తకాన్ని ఈ ఏడు పిల్లలు సగం ధరకు కొంటారు. ఆఫీసు దిద్దిన తప్పు అక్కడ కుప్పలుగా పడి ఉంది, ఇంకా చాలా ఏళ్లు బతికేలా ఉంది.

అందుకని రిటైరయ్యాక నా ఉద్యోగం ఫుట్‌పాత్ మీదికి మారింది. యాదగిరి అనే ఆయన పెద్ద పోస్టాఫీసు వైపు పుస్తకాలు పరుస్తాడు. మొదటిసారి పెన్ను తీసి పుస్తకం తెరవగానే నా చేయి పట్టుకున్నాడు. విషయం చెబితే విని, వాళ్లన్నకు ఆపరేషన్‌లో రక్తం ఎక్కించిన సంగతి చెప్పి, ఆ ఒక్క పేజీ మీదే గీయమని, వేరే పేజీ ముట్టుకుంటే ఊరుకోనని షరతు పెట్టాడు. బాల్‌కిషన్ వచ్చి కూర్చుంటాడు, చాయ్ తెప్పిస్తాడు. జనార్దన్ గారు మోకాళ్లు సహకరించిన ఆదివారాల్లో వస్తారు, తన పుస్తకంలో తానే గీత కొడతారు. సెలవు దొరికినప్పుడు స్వరూప వస్తుంది. ఇప్పుడు చాదర్‌ఘాట్ దవాఖానలో పని చేస్తోంది.

ఈ మధ్య ఒక ఆదివారం ఉస్మాన్‌గంజ్ నుంచి ఒకాయన కూతురి కోసం పుస్తకం వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పుస్తకమే దొరికింది, బేరమూ కుదిరింది. స్వరూప దాన్ని తీసుకుని పట్టిక ఉన్న పేజీ తెరిచి పెన్ను పెట్టబోయింది.

“ఏందమ్మా, పైసలిచ్చి కొన్న బుక్కు ఖరాబు చేస్తున్నవు?” అని ఆయన పుస్తకం లాక్కున్నాడు. “గవర్నమెంటు బుక్కు అది. నువ్వెవరు గీకనీకి?”

నేను నా ఉపన్యాసం అందుకోబోయాను. స్వరూప చేత్తో ఆగమని సైగ చేసింది.

“మీ రక్తం గ్రూపేంది అన్నా?”

“ఓ పాజిటివ్. ఎందుకు?”

“ఈ బుక్కు ప్రకారం మీకు ఎవరి రక్తమైనా ఎక్కియ్యొచ్చు. నేను దవాఖానల గదే పని చేస్త. బుక్కుల ఉన్నట్టు ఎక్కియ్యాల్నా మీకు?”

ఆయన ఆ పేజీ వైపు చూశాడు. స్వరూప మెడలో ఉన్న దవాఖాన కార్డు చూశాడు. పుస్తకాన్ని మెల్లగా తిప్పి ఆమె చేతిలో పెట్టాడు.

“కొట్టెయ్ బిడ్డా” అన్నాడు. “కింద సరైంది రాసియ్యి. నా బిడ్డ గూడ గదే చదువుతున్నది.”